పత్తిమిల్లు వాకిట సోషలిజం

మా ఊరికి ఇంజను వచ్చిన రోజున నాకు ఆరేడేళ్ళుంటాయి. నంద్యాల స్టేషన్లో రైలు దించిన ఆ ఇనుప గుట్టను రెండు బండ్లు కలిపి కట్టిన చట్రం మీదికి ఎక్కించి, ఎన్నో జతల ఎద్దులను పూన్చి, నల్లరేగడి దారిలో లాక్కొచ్చారు. వాన పడితే ఆ దారిలో మనిషి కాలు దిగబడి పైకి రాదు. అందుకని మా నాయన ఎండలు ముదిరేదాకా ఆగి తెప్పించాడు. దాని చక్రం వేరే బండిలో వచ్చింది. అది మా ఇంటి వాకిలికంటే ఎత్తు. ఊరు ఊరంతా కుందూ ఏటి ఒడ్డుదాకా ఎదురెళ్ళింది. ఆడవాళ్ళు టెంకాయలు కొట్టి చక్రానికి పసుపు రాసి కుంకుమ పెట్టారు.

దాన్ని మొదటిసారి తిప్పిన నాడు నేను నాయన చెయ్యి పట్టుకుని నిలబడి ఉన్నాను. ముందు ఒక దగ్గు. మళ్ళీ ఒక దగ్గు. ఆ తర్వాత ఆగకుండా దెబ్బ మీద దెబ్బ. చావడి మీది పావురాలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. నా కాళ్ళ కింది నేల వణికింది. ఆ వణుకు అరికాళ్ళలోంచి ఎక్కి పళ్ళదాకా వచ్చింది. నాకు భయం వేయలేదు. గర్భగుడిలో హారతి వెలుగులో దేవుడి మొహం కనిపించినప్పుడు ఏమవుతుందో అదే అయింది.

మా నాయన మెట్టరైతు. కరువులో పుట్టి కరువులో పెరిగినవాడు. చిన్నప్పుడు తన తండ్రి ఏటా నెలల తరబడి ఆకాశం వైపు చూస్తూ కూర్చోవడం చూశాడట. ఇంజను తిప్పిన ఆ రోజు తలపాగా సర్దుకుంటూ ఊరివాళ్ళతో ఒకటే మాటన్నాడు.

"ఈ చక్రానికి మోడంతో పని ల్యా."

మోడం అంటే మాకు మబ్బు. ఆ మాట విన్న కుర్రవాళ్ళ మొహాలు నాకింకా గుర్తున్నాయి. ఆ రోజుల్లో మా ఊరి యువకులందరికీ మా నాయనే హీరో. ఆయన నడిచినట్టు నడిచేవారు, ఆయన కట్టినట్టు తలపాగా కట్టేవారు. పెద్దయ్యాక ఏమవుతావని ఎవరినడిగినా మిల్లు పెడతానని చెప్పేవాళ్ళే. పత్తిని గింజ వేరు దూది వేరుగా విడదీసి, దూదిని నొక్కి మోపులు కట్టి రైలెక్కిస్తే, అది సముద్రం దాటి దొరల సీమకు పోయి గుడ్డగా మారుతుందంటే, మా రేగడి చేలకూ లోకానికీ మధ్య ఎవరో దారి వేసినట్టుండేది. ఆ దారి వేసింది మా నాయన.

ఆయన్ని అందరికంటే ఎక్కువగా ఆరాధించినవాళ్ళు ఇద్దరు. ఒకడు మా అన్న. రెండోవాడు ఊరికి దిగువనున్న క్రైస్తవుల పేటలోని ఒక వితంతువు కొడుకు. మా అన్న ఈడువాడే. మిషన్ బడిలో చదువుకున్నాడు. మిల్లులో నూనె డబ్బా మోయడంతో మొదలుపెట్టి, మీసం వచ్చేసరికి ఇంజను డ్రైవరయ్యాడు. వాళ్ళమ్మ మిల్లులో మిషన్లకు పత్తి అందించే పని చేసేది. పేటలో చిన్నా పెద్దా అందరూ ఆమెను పెద్దమ్మ అనే పిలిచేవారు. మేమూ అట్లాగే అనేవాళ్ళం.

*

మా అన్న మద్రాసు కాలేజీకి వెళ్ళాడు. వెళ్ళినవాడు ఒకడు, వచ్చినవాడు ఇంకొకడు. మొదటి సెలవులకు సిల్కు చొక్కా, పంపుషూతో దిగాడు. రెండో ఏడు ముతక ఖద్దరుతో వచ్చాడు. ఆ మరుసటి ఏడు తలకు నూనె మానేశాడు. ట్రంకు పెట్టె నిండా పుస్తకాలు. మా జేజి, అంటే నాయన తల్లి, ఆ పెట్టె తెరిచి చూసి, కొత్త పంచె ఒక్కటీ లేదని ఏడ్చింది.

ఆ వేసవిలో మా మిద్దె మీది గది కుర్రవాళ్ళతో నిండిపోయేది. కరణంగారి అబ్బాయి, ఒక కోమట్ల అబ్బాయి, బట్టల దుకాణం సాయెబుగారి చిన్నకొడుకు వచ్చేవారు. ఇంజను ఆగిన తర్వాత సాయంత్రం డ్రైవరూ వచ్చేవాడు. అతణ్ణి ఇంట్లోంచి కాకుండా పెరటివైపు మెట్ల మీదుగా పైకి తీసుకెళ్ళేవాడు అన్న. అంతవరకే అతని ధైర్యం సాగింది. వాళ్ళు వెళ్ళిపోయాక జేజి మైల పోవాలని చెంబుతో నీళ్ళు తెచ్చి మెట్లన్నిటి మీదా చల్లేది. అన్న పళ్ళు కొరుక్కునేవాడు గానీ జేజిని ఏమీ అనేవాడు కాదు.

నేను మొదట తలుపు చాటున నిలబడి వినేదాన్ని. ఒకరోజు అన్న చూసి, "ఆడ ఏమిటికి నిలబడినావు? లోపలికి రా" అన్నాడు. వెళ్ళి కూర్చున్నాను. మగవాళ్ళున్న గదిలో అట్లా కూర్చోవడం నాకదే మొదటిసారి. పదిహేనేళ్ళ పిల్లను.

అన్న మాట్లాడుతుంటే మొహం వెలిగిపోయేది. భూమి ఎవరిదీ కాదు, అందరిదీ అనేవాడు. యంత్రం కూడా అంతే. దున్నేవాడికీ తిప్పేవాడికీ వడికేవాడికీ అందులో భాగం ఉండాలి. ఎవరి చెమటా ఇంకొకరి ఇంట్లో బంగారం కాకూడదు. ఎక్కడో మంచుదేశంలో కూలివాళ్ళే రాజ్యమేలుతున్నారు. అక్కడ రొట్టె అందరికీ ఒకటే, బడి అందరికీ ఒకటే. ఇట్లా చెప్పుకుంటూ పోయేవాడు. నాకు ఒళ్ళు జలదరించేది. చిన్నప్పుడు ఇంజను తిరిగినప్పుడు కాళ్ళ కింద నేల వణికిందన్నానే, ఆ వణుకు మళ్ళీ వచ్చింది. ఈసారి గదిలో ఏ యంత్రమూ లేదు. ఒట్టి మాటలే. మాటలకు అంత బలం ఉంటుందని నాకంతకు ముందు తెలియదు.

నాలుగేళ్ళ కిందట మా నాయనలాగా తలపాగా చుట్టినవాళ్ళే ఇప్పుడు నాయన పేరెత్తితే మొహాలు చిట్లించేవారు. 'పెట్టుబడిదారు' అన్న మాట వాళ్ళ నోళ్ళలో కొత్త తిట్టయి కూర్చుంది. వాళ్ళలో ఇద్దరి తండ్రులు వడ్డీ వ్యాపారాలు చేసేవారు. అయినా ఆ కుర్రవాళ్ళవి అబద్ధపు ఆవేశాలు కావు. వాళ్ళు నిజంగానే రాత్రికి రాత్రి లోకం మారుతుందని నమ్మారు.

ఒక్క డ్రైవరే ఒక మూలన కూర్చుని, చేతులకంటిన నల్లటి జిడ్డును గుడ్డపీలికతో తుడుచుకుంటూ ఊరికే వినేవాడు. ఒకరోజు అన్న పట్టుబట్టాడు.

"నువ్వు చెప్పప్పా. మనమంతా తెచ్చే రాజ్యంలో నీకేం కావాల?"

"నాకొగ ఇంజను కావాల" అన్నాడతను.

"మిల్లు అందరిదీ అయితే ఆ ఇంజను నీది కూడా కదా?"

"అందరిదీ కాదప్పా. నాది. నాదంటూ చెప్పుకునేది."

అందరూ నవ్వారు. అన్న నవ్వలేదు. "నీదని ఉంటే నువ్వూ మా నాయన మాదిరే అయితావు" అన్నాడు బాధగా.

"అయితే ఏమప్పా? మీ నాయన మాదిరి ఒగ దినమన్నా ఉండి సూడనీ. ఆ తర్వాత నువ్వు చెప్పినట్ల అందరికీ ఇచ్చేస్తా. ఇయ్యాలంటే ముందు నా చేతిలో ఉండాల కదా!"

ఉన్నదాన్ని వదులుకోవాలని కల కంటున్నవాడు ఒకడు, లేనిదాన్ని అందుకోవాలని కల కంటున్నవాడు ఇంకొకడు. ఇద్దరి మొహాల మీదా ఒకటే వెలుగు ఉంది. ఎవరు రైటో నాకు తెలియలేదు. ఇద్దర్నీ చూస్తూ అట్లాగే ఉండిపోయాను.

*

మరుసటి ఏడు పత్తి బాగా పండింది. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి బండ్లు వస్తూనే ఉన్నాయి. మిల్లు ఆవరణలో పత్తి గుట్టలు మిద్దెల ఎత్తున లేచాయి. చదువు ముగించుకుని వచ్చిన అన్న ఉద్యోగం చూసుకోకుండా ఇంట్లోనే ఉన్నాడు. నాయన పనులు ఎక్కువై ఒక మేనేజరును పెట్టుకున్నాడు. కోస్తా వైపునుంచి వచ్చిన మనిషి, నిక్కచ్చి మనిషి.

మిల్లులో పత్తి అందించేవాళ్ళంతా ఆడవాళ్ళు, ఎక్కువమంది పేటవాళ్ళు. పాలు తాగే బిడ్డలున్నవాళ్ళు బిడ్డల్ని గేటు బయట చింతచెట్ల నీడలో ముసలివాళ్ళకు అప్పగించి లోపలికొచ్చేవారు. పొద్దెక్కాక ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి వెళ్ళి పాలిచ్చి వచ్చేవారు. దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. మేనేజరు వచ్చాక, ఇట్లా ఒకరి తర్వాత ఒకరు వెళ్ళి వస్తుంటే పని కుంటుపడుతోందని, మిల్లు కూత కూసేదాకా గేటు తీయకూడదని ఉత్తర్వు వేశాడు. గేటుకు బీగం పడింది.

ఆ రోజుల్లో ఎండలు మండిపోతున్నాయి. ఒక పసిబిడ్డ తల్లి, నా ఈడుదే, మిషను ముందు నిలబడి ఉండగా బయట బిడ్డ ఏడుపు వినిపించిందట. ఇంజను మోతలో పక్కవాళ్ళ మాటే వినపడదు, ఆ ఏడుపు మాత్రం ఆమెకు వినిపించింది. రవిక ముందంతా పాలతో తడిసిపోయింది. గేటు దగ్గరికి పరిగెత్తి బతిమాలింది. తీయలేదు. కూత కూసి, గేటు తీసి, వెళ్ళి చూసేసరికి బిడ్డ ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి ఉంది. నీళ్ళు చల్లి, గాలి విసిరితే ఎప్పటికో కళ్ళు తెరిచింది.

మరునాడు పొద్దున ఇంజను తిరగడం మొదలుపెట్టినా ఆడవాళ్ళెవరూ లోపలికి పోలేదు. గేటు బయట నేల మీద వరసగా కూర్చున్నారు. ఎవరూ అరవలేదు. ముందు పెద్దమ్మ కూర్చుంది. ఆమె ఒళ్ళో పసిబిడ్డ లేడు. ఉన్న ఒక్క కొడుకు లోపల ఇంజను నడుపుతున్నాడు. మేనేజరు వచ్చి ఏం కావాలని అడిగితే ఆమె ఇట్లా అన్నదట:

"మాకేం వద్దు సామీ. బిడ్డ ఏడ్పు ఇనపడతాంటే మాకు చెయ్యాడదు. అంతే."

ఆ కబురు మిద్దె మీది గదికి చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. మా అన్న ఎగిరి గంతేశాడు. "సమ్మె!" అన్నాడు. పుస్తకాల్లో చదివింది, మంచుదేశంలో జరిగింది, మా ఊరి చింతచెట్ల కింద జరుగుతోంది. కుర్రవాళ్ళంతా కలిసి పరుగున వెళ్ళారు. నేను మిద్దె మీదినుంచి చూశాను. అన్న ఒక బండి మీదికెక్కి మాట్లాడాడు. చాలాసేపు మాట్లాడాడు. ఆడవాళ్ళు కొంగులు తలల మీదికి లాక్కుని శ్రద్ధగా విన్నారు. అయిపోయాక పెద్దమ్మ లేచి నిలబడి అడిగిన మాట ఆ తర్వాత అన్నే నాకు చెప్పాడు.

"నువ్వు చెప్పేది శానా బాగుండాది నాయనా. ఇదంతా మీ నాయనతో చెప్పినావా?"

అన్న చెప్పలేదు. ఊరందరితో చెప్పాడు, మద్రాసులో చెప్పాడు, మిద్దె మీద చెప్పాడు. ఒకే కప్పు కింద భోంచేసే తండ్రితో ఏనాడూ చెప్పలేదు. బండి దిగి తిన్నగా ఇంటికొచ్చాడు.

నాయన వసారాలో కూర్చుని ఉన్నాడు. నేనూ అమ్మా లోపలి గడప దగ్గర ఉన్నాము. అన్న నిలబడే మాట్లాడాడు.

"నాయనా, వాళ్ళు అడిగేది న్యాయం."

"న్యాయం నాకు తెలుసులేరా. ఆ ఇంజను లేకుంటే నువ్వు ఈపొద్దు సేన్లో గుంటక తోల్తాంటావు. నీ సదువు ఆ చక్రం తిప్పిందే."

"చక్రం తిప్పింది మనుషులు నాయనా."

"మనుషులు నేను పుట్టకముందునుంచీ ఈడనే ఉండారు. మరప్పుడు చక్రం ఏమిటికి తిరగల్యా?" నాయన గొంతు పెంచలేదు. "కరువొస్తే ఈళ్ళంతా బిడ్డల్ని సంకనేసుకుని యాడికి పోతాండిరో నువ్వు సూడల్యా. నేను సూసినా. రైలుకట్టల మీద రాళ్ళు కొట్టను పోతాండిరి. సగంమంది తిరిగి రాల్యా. ఈ మిల్లు పెట్టినాక ఊరిడిసి పోయినోడు ఒగడున్నాడా? సెప్పు."

అది నిజం. నాకూ అది నిజమని తెలుసు. ఆ క్షణంలో నాయన మళ్ళీ నా చిన్ననాటి నాయనలాగా, కొండంత ఎత్తుగా కనిపించాడు.

అన్న నెమ్మదిగా అన్నాడు, "అందుకని బిడ్డకు పాలియ్యనీకుండా గేటుకు బీగం ఏస్తావా?"

"అది మేనేజరు పని."

"బీగం నీది నాయనా."

నాయన లేచి లోపలికి వెళ్ళిపోయాడు. అన్న చెప్పులు వేసుకుని వెళ్ళి ఆడవాళ్ళ వెనక నేల మీద కూర్చున్నాడు. ఈసారి ఉపన్యాసం ఇవ్వలేదు. సాయంత్రానికి ఇంజను ఆగిపోయింది. అందించేవాళ్ళు లేక ఆగిందా, డ్రైవరు ఆపేశాడా అన్నది అప్పుడు తెలియలేదు. కాసేపటికి అతను చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి తల్లి పక్కన కూర్చోవడం చూసి అందరికీ అర్థమైంది.

*

ఇంజను చప్పుడు లేని ఊరు ఎట్లా ఉంటుందో మేము మరిచిపోయాం. పక్కింటి మాటలు వినిపించసాగాయి. ముసలివాళ్ళు మాటిమాటికీ బయటికొచ్చి మిల్లువైపు చూసి లోపలికి పోయేవారు. అట్లా కొన్ని రోజులు గడిచాయి. ఇంట్లో నాయన ఎవరితోనూ మాట్లాడడు. అన్న అన్నానికి రాడు. పేటవాళ్ళు పెట్టిన సంగటే తింటున్నాడని తెలిసి జేజి మంచం ఎక్కింది.

మా అమ్మ ఎప్పుడూ మిల్లు సంగతుల్లో నోరు తెరిచేది కాదు. ఒకరోజు పొద్దున చద్ది తినే వేళ పెట్టెలోంచి పాత చీరలు కొన్ని తీసి నా చేతికిచ్చింది.

"పొద్దు తిరిగితే చింతచెట్ల నీడ పక్కకు పోతాది. పసిబిడ్డలకు ఎండ తగుల్తాది. ఈ చీరలు అడ్డంగా కట్టించుపో."

"నాయన ఏమన్నా అంటే?"

"అంటే నేను పంపినానని చెప్పు."

వెళ్ళాను. మా ఇంటి ఆడపిల్ల ఎవరూ ఆ చెట్ల కిందికి అట్లా ఒంటరిగా నడిచి వెళ్ళింది లేదు. పెద్దమ్మ లేచి చీరలందుకుంది. కొమ్మలకు కట్టేటప్పుడు చేతులు చాలక, సొమ్మసిల్లిన బిడ్డ తల్లి తన బిడ్డను నాకందించబోయి, ఠక్కున చేతులు వెనక్కి తీసుకుంది. నేనెవరో గుర్తొచ్చి ఉంటుంది. నేను చేతులు చాచాను. అంత చిన్న ప్రాణిని నేనెప్పుడూ ఎత్తుకోలేదు. బిడ్డ వేడిగా, బరువుగా నా భుజాన పడింది. నా మెడ మీద ఊపిరి తగిలింది. ఈ పిడికెడు ఊపిరి కోసం అంత పెద్ద చక్రం ఆగిపోయింది. అంత పెద్ద చక్రాన్ని ఆపింది కూడా ఇదే. అన్న చెప్పిన మాటలన్నీ, నాయన చెప్పిన మాటలన్నీ ఆ బరువు ముందు నాకు చిన్నవిగా తోచాయి. అక్కడే చతికిలబడి కూర్చున్నాను. సాయంత్రందాకా లేవలేదు.

ఆ సాయంత్రమే నల్లమల వైపునుంచి మోడం లేచింది. చైత్రమాసం, వాన వచ్చే కాలం కాదు. మొదట మట్టివాసన వచ్చింది, ఆ వెనకే గాలి. మిల్లు ఆవరణలో పత్తి గుట్టలన్నీ ఆరుబయటే ఉన్నాయి. అవి మా నాయనవే కాదు. ఆడించుకోవడానికి చుట్టుపక్కల ఊళ్ళ రైతులు తోలినవి కూడా అందులో ఉన్నాయి. తడిస్తే పత్తి నల్లబడిపోతుంది, దాన్నిక ఎవరూ ముట్టరు. నాయన ఇంట్లోంచి పరిగెత్తుకుంటూ రావడం చూశాను. ఆయన పరిగెత్తడం నేనెన్నడూ చూడలేదు. మేనేజరు, కాపలావాళ్ళు, ఇద్దరు ముగ్గురు రైతులు బుట్టలతో గింజుకుంటున్నారు. గాలికి గుట్టల మీది పత్తి తెల్లగా లేచి ఎగురుతోంది. అంత పత్తి ఆ కొద్దిమందితో అయ్యే పని కాదు.

పెద్దమ్మ లేచింది. కొంగు నడుముకు బిగించింది.

"రాండమ్మే! పత్తి తడుస్తాది!"

ఆడవాళ్ళంతా లేచి గేటులోకి పరిగెత్తారు. అన్న అయోమయంగా నిలబడి, "పెద్దమ్మా, మరి సమ్మె?" అన్నాడు.

ఆమె పరిగెత్తుతూనే వెనక్కి తిరిగి, "సమ్మె రేపు సేద్దాంలే నాయనా! వాన రేపటిదాకా ఆగదు!" అంది.

బిడ్డలందర్నీ నా దగ్గరా ముసలివాళ్ళ దగ్గరా వదిలేశారు. నేను బిడ్డల మధ్య కూర్చుని గేటులోంచి చూశాను. ఎవరు యజమాని, ఎవరు కూలి, ఎవరు ఎవరి పక్షమో ఆ కాసేపూ ఏమీ లేదు. మా నాయన పత్తిని బుట్టకెత్తి పెద్దమ్మ నెత్తిన పెడుతున్నాడు. మా అన్న, డ్రైవరు చెరొక కొస పట్టుకుని గోనెపట్టాలు కప్పుతున్నారు. మేనేజరు కళ్ళద్దాలు పోగొట్టుకుని తడుముకుంటూ కూడా మోస్తున్నాడు. చివరి గుట్ట షెడ్డులోకి చేరుతుండగా వాన విరుచుకుపడింది.

ఆ తర్వాత జరిగింది నేను బతికినన్నాళ్ళూ మరిచిపోలేను. పని అయిపోగానే ఆ ఆడవాళ్ళు తడిసిన చీరలు పిండుకుంటూ, ఒక్కొక్కరే షెడ్డులోంచి బయటికి నడిచారు. గేటు దాటారు. బిడ్డల్ని అందుకున్నారు. మునుపు కూర్చున్న చోటనే, అదే వరసలో, బురదలో మళ్ళీ కూర్చున్నారు. ఎవరూ ఏమీ అడగలేదు. చేసిన సాయానికి ఒక మాటైనా ఆశించలేదు. అది వేరు, ఇది వేరు అన్నట్టు కూర్చున్నారు.

మా నాయన షెడ్డు ముందు వానలో నిలబడి వాళ్ళనే చూస్తున్నాడు. తలపాగా ఊడి భుజాల మీద వేలాడుతోంది. అన్న ఆయనకు కొంచెం దూరంగా నిలబడి ఆయన చూసినవైపే చూస్తున్నాడు. తండ్రీకొడుకులిద్దరి మొహాలూ ఒకేలా ఉన్నాయి. చదివినవాడికీ సంపాదించినవాడికీ ఇద్దరికీ తెలియనిదేదో వాళ్ళ కళ్ళ ముందు కూర్చుని ఉంది.

నాయన గేటు దాకా వచ్చాడు. గేటుకు వేలాడుతున్న బీగం తీసి వానలోకి విసిరేశాడు.

"ఏమ్మే, లేయండి. బిడ్డలు తడుస్తాండారు. అందర్నీ లోపలికి తీసుకపోండి" అన్నాడు.

"మరి రేపు?" అంది పెద్దమ్మ, లేవకుండానే.

"రేపట్నుంచి బిడ్డలు కూడా లోపలనే. వాళ్ళకొగ కొట్టం కట్టిస్తా. సాలునా?"

"సాలు సామీ" అని ఆమె లేచింది.

*

కొట్టం పది రోజుల్లో లేచింది. నాపరాళ్ళ గోడలు, బోదగడ్డి కప్పు, లోపల ఉయ్యాలలు. మేనేజరు ఆ నెలాఖరుకే వెళ్ళిపోయాడు. బిడ్డల్ని చూసుకునే పని నేను తీసుకున్నాను. జేజి నాతో ఏడాదిపాటు మాట్లాడలేదు. పెండ్లి సంబంధాలవాళ్ళు వచ్చి, నేను చేస్తున్న పని తెలుసుకుని వెనక్కి పోయారు. చివరికి నన్ను చేసుకున్నాయన జమ్మలమడుగులో బడిపంతులు. బిడ్డల కొట్టం సంగతి విని, దాన్ని చూడాలనే మొదట మా ఊరొచ్చాడు.

దీంతో నాయన సోషలిస్టు అయిపోయాడని ఎవరైనా అనుకుంటే పొరబాటు. "అది నేనిచ్చినా. వాళ్ళు తీసుకోల్యా" అనేవాడు. "వాళ్ళు తీసుకున్నారు నాయనా. నువ్విచ్చినాననుకుంటాండావు" అనేవాడు అన్న. ఈ వాదన వాళ్ళిద్దరి మధ్యా నాయన పోయేదాకా నడిచింది. కోపంతో కాదు. అన్నం దగ్గర, వక్కాకు నమిలే దగ్గర, ఇష్టంగా వాదించుకునేవారు. ఇప్పటికీ ఆ ఇద్దరిలో ఎవరిది సరైన మాటో నేను తేల్చుకోలేదు.

అన్న మారాడు. ఉపన్యాసాలు తగ్గాయి. పేటకు వెళ్ళి కూర్చుని వినడం ఎక్కువైంది. యుద్ధం రోజుల్లో కొంతకాలం జైల్లో ఉండి వచ్చాడు. వచ్చాక కూడా సోషలిజం వదల్లేదు గానీ, రాత్రికి రాత్రి వస్తుందని చెప్పడం మానేశాడు. మిద్దె మీది గదిలో కూర్చున్నవాళ్ళలో కోమట్ల అబ్బాయి తండ్రి వ్యాపారంలో కూర్చున్నాడు. కరణంగారి అబ్బాయి ఇంకా తీవ్రంగా మారి, మా అన్నది మెతకదనమని తిట్టి బెజవాడ వెళ్ళిపోయాడు.

డ్రైవరు ఊరొదిలి ఆదోనికి పోయాడు. అక్కడి మిల్లుల్లో పనిచేసి, స్వరాజ్యం రాకకు కొద్ది నెలల ముందు పాత నూనె ఇంజను ఒకటి కొనుక్కుని తిరిగొచ్చాడు. వేరుశనగ కాయ ఆడించే మిషను పెట్టాలని అతని ఆశ. కానీ ఒక్కడి వల్ల కాలేదు. స్థలం ఒకరిచ్చారు, రాళ్ళు ఇంకొకరు తోలారు, పేటలో చేతనైనవాళ్ళంతా ఏదో ఒకటి వేశారు, గోడలు అందరూ కలిసి లేపారు. చివరికి అది పేటవాళ్ళందరి మిషనైంది.

దాన్ని తిప్పే రోజున నేనూ మా ఆయనా జమ్మలమడుగునుంచి వెళ్ళాం. ఇంజను ముందు పాస్టరుగారు ప్రార్థన చేశారు. మా అన్న కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

"సూసినావా అప్పా! దీన్నే సోషలిజం అంటారు" అన్నాడు డ్రైవరుతో.

"కాదప్పా. దీన్ని యాపారం అంటారు" అన్నాడతను నవ్వుతూ. "ఈడ కూలోడు ఒగడూ ల్యా. అందరం ఓనర్లమే."

"నేను చెప్పిందీ అదే కదా!"

"నువ్వు చెప్పింది అది కాదు. నువ్వు ఓనర్లే ఉండకూడదంటివి."

ఇద్దరూ నడి ఎండలో నిలబడి చిన్నపిల్లల్లాగా పోట్లాడుకున్నారు. చుట్టూ చేరిన కుర్రవాళ్ళు సగంమంది అన్నవైపు, సగంమంది డ్రైవరువైపు నిలబడ్డారు. నేను వాళ్ళిద్దర్నీ వదిలి పెద్దమ్మ కోసం వెతికాను. ఆమె మిషను కొట్టం గడప దగ్గర నిలబడి ఉంది. జుట్టంతా తెల్లబడింది. లోపలికి అడుగు పెట్టకుండా తొంగి చూస్తోంది.

"లోపలికి పో పెద్దమ్మా. ఇది నీదే కదా" అన్నాను.

ఆమె నావైపు తిరిగి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వు ఆగలేదు.

"ఇన్నేండ్లూ ఎవరన్నా రమ్మంటేనే లోపలికి పోయినా పాపా. ఈపొద్దు రమ్మనేది ఎవరా అని సూస్తాండా" అంది.

అని, తనకు తానే "రామ్మే, రా" అని గట్టిగా చెప్పుకుని గడప దాటి లోపలికి వెళ్ళింది. ఈసారి నన్ను రమ్మనాల్సింది ఆమె. నేను బయటే నిలబడిపోయాను.